వివాదం తేలని బిల్లును వసూలు ఏజెంట్ల చేతికి ఇవ్వరాదు

సంపాదకులకు నమస్కారాలు.

బాకీ అడగడం తప్పని నేను అనను. బుచ్చిరెడ్డిపాళెంలోని ఒక బియ్యపు మిల్లులో ముప్పై ఒక్క సంవత్సరాలు గుమాస్తాగా లెక్కలు రాసి, ప్రస్తుతం కావలిలో విశ్రాంతిగా ఉంటున్నవాణ్ణి. ఇచ్చినవారు అడగాలి, తీసుకున్నవారు తీర్చాలి. ఇందులో రెండో మాట లేదు. అయితే అసలు బాకీ ఉందో లేదో తేలని ఒక బ్రాడ్‌బ్యాండ్ బిల్లు కోసం వసూలు ఏజెంట్లు నన్నూ, నా భార్యనూ, చివరికి ఏ సంబంధమూ లేని మా పాత ఇంటి యజమానురాలినీ రెండు విడతలుగా వేధించిన తీరు చూశాక, ఇది నా ఒక్కడి గోడుగా మిగిలిపోకూడదని, మీ పత్రిక ద్వారా పాఠకులకూ అధికారులకూ తెలియజేయాలని ఈ లేఖ రాస్తున్నాను.

మా మిల్లులో బాకీ వసూలుకు ఒక పద్ధతి ఉండేది. ఒంగోలు వ్యాపారి ఎవరైనా "నాకు చేరినవి నూట ఎనభై బస్తాలే, మీరు నూట తొంభైకి రాశారు" అని కబురు చేస్తే, ఆ బస్తాల తూకం చీటీ, లారీ రసీదు, చిఠా అనే రోజువారీ లెక్క పుస్తకం, ఆవర్జా అనే ఖాతాల పుస్తకం అన్నీ ముందు వేసుకుని సరిచూసేవాళ్లం. ఆ పది బస్తాల సంగతి తేలేదాకా ఆ మొత్తం పక్కన పెట్టి, మిగిలిన దానికే మనిషిని పంపేవాళ్లం. వెళ్లిన మనిషి మిల్లువాడే. అతని పేరు వ్యాపారికి తెలుసు, అతను ఇచ్చే రసీదు మీద మా ముద్ర ఉంటుంది, అవతలివారు చెప్పింది విని వచ్చి నాకు చెప్పే బాధ్యత కూడా అతనిదే. నేటి కంపెనీలు కోట్ల మందితో వ్యవహరిస్తాయి కాబట్టి ఆ పాత పద్ధతే యథాతథంగా నడవదని నాకు తెలుసు. కానీ లెక్క విప్పి చూపలేని మనిషిని వసూలుకు పంపకూడదన్న నియమం చిన్న వ్యాపారానికెంతో పెద్ద వ్యాపారానికీ అంతే వర్తిస్తుందని నా నమ్మకం.

జరిగింది ఇది. 2021 ఆగస్టులో, కరోనా కారణంగా మా అమ్మాయి ఇంటి నుంచే ఉద్యోగం చేయవలసి వచ్చినప్పుడు, నెల్లూరు బాలాజీనగర్‌లో మేము అద్దెకున్న ఇంటికి ఒక ప్రైవేటు సంస్థ ఫైబర్ కనెక్షన్ తీసుకున్నాము. నెలకు 699 రూపాయలు, దానిపై 18 శాతం జీఎస్టీ కలిపి సుమారు 825 రూపాయలు. డిపాజిట్ 1,500 రూపాయలు. దాదాపు మూడేళ్లలో ఒక్క బిల్లు కూడా గడువు దాటనివ్వలేదు. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను వచ్చినప్పుడు పదకొండు రోజులు లైను లేదు; ఫిర్యాదు చేస్తే తర్వాతి బిల్లులో ఆ మేరకు తగ్గించారు కూడా. ఖాతాదారుడిగా ఉన్నంతకాలం నా మాట విన్నారని చెప్పడానికే ఈ సంగతి రాస్తున్నాను. 2024 జూన్‌లో మేము కావలిలోని సొంత ఇంటికి మారినప్పుడు కనెక్షన్‌ను కూడా మార్చమని అడిగితే, మా వీధికి తమ కేబుల్ లేదని చెప్పారు. అయితే రద్దు చేయమని జూన్ 9న కాల్ సెంటరుకు ఫోన్ చేశాను. అభ్యర్థన నమోదైనట్లు నంబరుతో సహా ఫోనుకు సందేశం వచ్చింది. ఐదు రోజుల తర్వాత ఒక టెక్నీషియన్ బాలాజీనగర్ ఇంటికి వచ్చి, ఇంటి యజమానురాలి ఎదుటే గోడకున్న పెట్టెను, రూటరును ఊడదీసుకుని వెళ్లాడు. రసీదు అడిగితే ఫోనుకు వస్తుందన్నాడు. ఆ రసీదు రాలేదు. కాగితం చేతికి అందేదాకా వస్తువు వదలకూడదని మిల్లులో పిల్ల గుమాస్తాలకు చెప్పినవాణ్ణి, ఆ రోజు నేనూ దాన్ని పట్టించుకోలేదు; ఈ తప్పు నాదేనని ఒప్పుకుంటున్నాను.

2024 నవంబరులో ఒక అపరిచిత నంబరు నుంచి ఫోన్ వచ్చింది. నేను 6,199 రూపాయలు బాకీ ఉన్నానట. లెక్క ఏమిటని అడిగితే ఆ మనిషికి తెలియదు. కంపెనీ యాప్‌లోకి వెళ్లి బిల్లు తీస్తే అర్థమైంది: జూలై నుంచి అక్టోబరు వరకు నాలుగు నెలల కనెక్షన్ అద్దె పన్నుతో కలిపి 3,299 రూపాయలు, ఆలస్య రుసుము 400, తిరిగి ఇవ్వని రూటరు ఖరీదు 2,500. రద్దు చేయమని అడిగిన కనెక్షన్‌కు అద్దె, వాళ్ల మనిషే తీసుకుపోయిన పెట్టెకు ఖరీదు, ఈ రెండూ కట్టనందుకు జరిమానా! వారి దగ్గర ఉన్న నా డిపాజిట్ 1,500 రూపాయలను ఆ లెక్కలో ఎక్కడా తగ్గించలేదు. జమ చూపకుండా ఖర్చు మాత్రమే చూపే పద్దును మా వృత్తిలో పద్దు అనరు.

ఇదంతా ఫోన్ చేసినవారికి చెప్పడానికి నేను ఎంతో ఓపికగా ప్రయత్నించాను. రద్దు అభ్యర్థన నంబరు చెప్పాను. తేదీ చెప్పాను. వాళ్లలో ఒక్కరూ దాన్ని రాసుకోలేదు. ఈ రోజు చెప్పింది రేపటి మనిషికి తెలియదు. రేపటి మనిషి మళ్లీ మొదటి నుంచి మొదలుపెడతాడు. నవంబరు నుంచి మార్చి వరకు పందొమ్మిది వేర్వేరు నంబర్ల నుంచి నలభై ఒక్క ఫోన్లు వచ్చినట్లు తేదీ, సమయంతో సహా నా పుస్తకంలో ఉంది. వాటిలో కొన్ని ఉదయం ఏడు గంటలకు ముందే వచ్చాయి, కొన్ని రాత్రి తొమ్మిది దాటాక. అన్నీ మామూలు పది అంకెల మొబైల్ నంబర్లే. "లీగల్ సెల్ నుంచి మాట్లాడుతున్నాం సార్, మీ మీద కేసు ఫైల్ అవుతోంది" అని ఒకరు, "కోర్టు సెక్షన్" అని మరొకరు. పేరు అడిగితే చెప్పరు, ఏ ఏజెన్సీ అని అడిగితే "అదంతా మీకెందుకు, డబ్బు కట్టండి" అంటారు. నా భార్య కంటి ఆపరేషన్ చేయించుకుని ఇంట్లో పడుకుని ఉన్న రోజు, ఫోన్ ఆమె ఎత్తితే, "మీ ఆయన మోసం చేసి ఇల్లు మారి దాక్కున్నాడు" అన్నాడొక కుర్రవాడు. నలభై ఏళ్ల కాపురంలో ఆమె నా గురించి వినని మాట అది. ఆ సాయంత్రం నేను ఇంటికి వచ్చేసరికి ఆమె, "ఆ డబ్బేదో కట్టేయరాదా, ఈ మాటలు పడలేము" అంది. ఇలాంటి వసూళ్ల బలమంతా ఇక్కడే ఉంది. బాకీ నిజమని ఒప్పుకుని ఎవరూ కట్టరు. ఇంట్లో ఆడవాళ్ల ప్రశాంతత కోసం, వీధిలో పరువు కోసం కడతారు.

ఇంకొక సంగతి లెక్కలు రాసినవాడిగా నన్ను ఎక్కువ కలవరపెట్టింది. మొదట 6,199 అన్నారు. నేను ఒప్పుకోకపోయేసరికి వారం తర్వాత 3,500 కడితే "సెటిల్‌మెంట్" చేస్తామన్నారు. మరో పది రోజులకు 2,000, అదీ ఆ రోజు సాయంత్రం ఐదు లోపల. నిజంగా రావలసిన సొమ్ము అయితే సంజాయిషీ లేకుండా మూడో వంతుకు దిగదు. నిజంగా రానిదైతే ఒక్క రూపాయి కూడా అడగకూడదు. ఏజెన్సీలకు వసూలైన సొమ్ముపై కమీషన్ ముడుతుంది గనుక, ఆ మనిషికి నా బిల్లు తప్పో ఒప్పో తేల్చవలసిన అవసరమే లేదు. ఎంతో కొంత రాలితే చాలు. ఆ కుర్రవాళ్ల మీద నాకు కోపం లేదు. నెల జీతానికి లక్ష్యాలు పెట్టుకుని ఎక్కడో ఒక గదిలో కూర్చుని రోజుకు వంద ఫోన్లు చేసే పిల్లలు వాళ్లు. వినే అధికారం వాళ్లకు ఇవ్వకుండా అడిగే పనిని మాత్రం అప్పజెప్పిన వారినే నేను తప్పు పడుతున్నాను.

జనవరిలో బాలాజీనగర్ వెళ్లినప్పుడు పాత ఇంటి యజమానురాలిని పలకరించడానికి ఆగాను. డెబ్బై నాలుగేళ్ల పెద్దావిడ, భర్త లేరు, కింది వాటాలో మనవడితో ఉంటారు. కాఫీ ఇచ్చి, కాసేపు ఆ మాటా ఈ మాటా అయ్యాక, చాలా సంకోచిస్తూ చెప్పారు. వారం క్రితం ఎవరో ఆవిడకు ఫోన్ చేసి, కనెక్షన్ ఆ ఇంటి చిరునామా మీద ఉంది కాబట్టి పోలీసులు అక్కడికే వస్తారని, సామాను జప్తు చేస్తారని చెప్పారట. "పోలీసోళ్లు మన గడప తొక్కితే వీధిలో ఎట్టా తలెత్తుకునేది నాయనా? రెండు వేలే గదా అని మా పిల్లోడి ఫోన్లో కట్టేయించా. నీకు చెప్తే బాధ పడతావని చెప్పలా" అన్నారు. ఆ మాట విన్నాక నాకు కాఫీ గొంతు దిగలేదు. మనవడి ఫోన్‌లో చూస్తే ఆ 2,000 రూపాయలు కంపెనీ ఖాతాకు వెళ్లలేదు, ఎవరో ఒక వ్యక్తి పేరు మీది యూపీఐకి వెళ్లాయి. ఆ సొమ్ము ఆవిడకు నేను ఇవ్వబోతే చాలాసేపు పుచ్చుకోలేదు. బతిమాలి చేతిలో పెట్టి వచ్చాను. ఆవిడ ఫోన్ నంబరు వాళ్లకు ఎలా దొరికిందని ఆలోచిస్తే, కనెక్షన్ తీసుకునేటప్పుడు ఇంకొక నంబరు కూడా రాయమంటే నేనే ఆవిడది రాశానని గుర్తుకు వచ్చింది. లైను వేయడానికి వచ్చినప్పుడు ఇంట్లో ఎవరూ లేకపోతే పిలవడానికి ఇచ్చిన నంబరు, బెదిరించడానికి పనికి వచ్చింది.

ఆ నెలలోనే నా వాట్సాప్‌కు ఒక "నోటీసు" వచ్చింది. పైన త్రాసు బొమ్మ, ఎర్ర అక్షరాల్లో "ప్రీ లిటిగేషన్ లోక్ అదాలత్", కింద హాజరు కాకపోతే అరెస్టు వారెంటు జారీ అవుతుందన్న హెచ్చరిక. దాన్ని చూసి భయపడేవారు మన జిల్లాలో చాలామంది ఉంటారు కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను. లోక్ అదాలత్ అన్నది 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం కింద ఏర్పడిన రాజీ వేదిక. కోర్టుకు వెళ్లకముందే వివాదాన్ని అక్కడికి తీసుకువెళ్లవచ్చు, నిజమే. కానీ రాజీకి ఇరుపక్షాలూ ఒప్పుకుంటేనే అక్కడ అవార్డు, అంటే తీర్పు, వస్తుంది. ఒప్పుకోకపోతే వ్యవహారం అక్కడితో ఆగి, ఎవరి దారి వారిది. పిలుపు అందినవారు వెళ్లి తమ వాదన చెప్పుకోవడం మంచిదే. వెళ్లనంత మాత్రాన టెలిఫోన్ బిల్లు రాజీకి అరెస్టు వారెంటు రాదు. బిల్లు బకాయి సివిల్ వ్యవహారం. కంపెనీ నిజంగా కోర్టుకు వెళ్లదలిస్తే దావా వేయాలి, కాలపరిమితి చట్టం ప్రకారం సాధారణంగా మూడేళ్లలోపు వేయాలి, సమన్లు కోర్టు ద్వారా రావాలి, అక్కడ లెక్క రుజువు చేయాలి. అనుమానం వచ్చిన నోటీసును జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు తీసుకువెళ్లి అడగవచ్చు. 15100 నంబరుకు ఫోన్ చేసినా సలహా దొరుకుతుంది. ఇక తాము పోలీసులమనో కోర్టు ఉద్యోగులమనో అబద్ధమాడి బెదిరించడమైతే, 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహిత కింద అవతలివారే నేరం చేసినట్లు: ప్రభుత్వోద్యోగిగా నటించడానికి 204వ సెక్షన్, నేరపూరిత బెదిరింపునకు 351వ సెక్షన్ ఉన్నాయి.

"మీ సిబిల్ పోతుంది, మీ అబ్బాయికి హోం లోన్ రాదు" అన్నది మరో బెదిరింపు. తండ్రి పేరున ఉన్న టెలిఫోన్ బిల్లు కొడుకు రుణ చరిత్రలోకి ఎక్కదు. నా సంగతి చూసుకుందామని నా రుణ చరిత్ర నివేదిక తెప్పించుకున్నాను. దానిలో ఈ బకాయి ఊసే లేదు. సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్ అనే నాలుగు రుణ సమాచార సంస్థలూ ఏడాదికి ఒకసారి పూర్తి నివేదికను ఉచితంగా ఇవ్వాలని రిజర్వ్ బ్యాంకు నియమం ఉంది. తప్పు నమోదై ఉంటే ఫిర్యాదు చేయవచ్చు. ముప్పై రోజుల్లో సరిదిద్దకపోతే ఆ పైన రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలన్న నిబంధన 2024 ఏప్రిల్ నుంచి ఉంది. ఫోన్‌లో ఎవరో చెప్పిన మాటకు కంగారు పడేకంటే ఆ నివేదిక ఒకసారి చూసుకోవడం మేలు.

ఫిర్యాదు దారి గురించి చెబుతాను. 2012లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ తెచ్చిన ఫిర్యాదుల పరిష్కార నిబంధనల ప్రకారం టెలికాం సంస్థల్లో రెండు అంచెలు ఉండాలి. మొదటిది కాల్ సెంటరు. అక్కడ ప్రతి ఫిర్యాదుకూ డాకెట్ నంబరు, అంటే నమోదు నంబరు, ఇవ్వాలి. అక్కడ న్యాయం జరగకపోతే ముప్పై రోజుల్లోగా అదే సంస్థలోని అప్పీలు అధికారికి రాయాలి. దీనికి రుసుము లేదు, అప్పీలును ముప్పై తొమ్మిది రోజుల్లో తేల్చాలి. ట్రాయ్‌కే నేరుగా రాసినా అది వ్యక్తిగత ఫిర్యాదులను విచారించదు, కంపెనీకే పంపుతుంది. నేను డిసెంబరులో కాల్ సెంటరుకు ఫిర్యాదు చేస్తే, రెండు రోజుల్లో "మీ ఫిర్యాదు పరిష్కరించబడింది" అని సందేశం వచ్చింది. ఏమి పరిష్కరించారో అందులో లేదు, బిల్లు మాత్రం అలాగే ఉంది. ఈ సందేశం చూసి చాలామంది ఇక చేసేదేమీ లేదనుకుంటారు. అక్కడే ఆగిపోవద్దని నా మనవి. 2025 జనవరి 6న అప్పీలు అధికారికి ఈమెయిల్‌లోనూ, రిజిస్టర్డ్ పోస్టులోనూ రాశాను. పొడవాటి కథ రాయలేదు. రద్దు అభ్యర్థన నంబరు, తేదీ, టెక్నీషియన్ నాకు ఫోన్ చేసిన సమయం, జూన్ 14 తర్వాత ఆ లైనులో ఒక్క యూనిట్ డేటా కూడా వాడలేదని చూపే వారి యాప్‌లోని పుట, డిపాజిట్ రసీదు నకలు, నా దగ్గరున్న ఫోన్ల జాబితా జత చేశాను. ఒక్క ప్రశ్న అడిగాను: పెట్టె గోడకు లేనప్పుడు, డేటా వెళ్లనప్పుడు, ఏ సేవకు నాలుగు నెలల అద్దె వేశారు?

ముప్పై తొమ్మిది రోజులు ఫిబ్రవరి 14తో ముగిశాయి. జవాబు యాభై ఏడో రోజున, మార్చి 4న వచ్చింది. "ఖాతాదారుడి పట్ల సద్భావంతో" మొత్తం బకాయిని రద్దు చేస్తున్నామని, నా ఖాతా నిల్వ సున్నా అని రాశారు. పొరపాటు తమదేనన్న మాట ఎక్కడా లేదు. ఏప్రిల్‌లో డిపాజిట్ 1,500 తిరిగి వచ్చింది. ఇక్కడితో అయిపోయిందనుకున్నాను. అప్పీలు పెండింగులో ఉన్న ఆ యాభై ఏడు రోజుల్లోనే నలభై ఒక్క ఫోన్లలో ఇరవై మూడు వచ్చాయని, పెద్దావిడ చేత డబ్బు కట్టించిందీ ఆ రోజుల్లోనేనని పాఠకులు గమనించాలి. కంపెనీలో ఒక గది నా అర్జీని చదువుతుండగా, అదే కంపెనీ నియమించిన మనుషులు ఆ అర్జీ సంగతే తెలియకుండా నా మీద ఒత్తిడి తెస్తున్నారు. ఇంతటితోనూ ముగియలేదు. ఆగస్టులో కొత్త నంబరు, కొత్త ఏజెన్సీ, అదే 6,199 రూపాయలు. సున్నా ఉత్తరం ఉందంటే, "మా లిస్టులో మీ పేరుంది సార్, మాకు అదే తెలుసు" అన్నారు. ఆ ఉత్తరం ఫొటో పంపిన తర్వాత కూడా ఆరుసార్లు ఫోన్ చేశారు.

బ్యాంకు రుణాల విషయంలో ఇలా జరగకూడదని రిజర్వ్ బ్యాంకు ఏనాడో చెప్పింది. 2008 ఏప్రిల్‌లో వసూలు ఏజెంట్లపై ఇచ్చిన మార్గదర్శకాల్లో, రుణగ్రహీత ఫిర్యాదు చేసి ఉంటే అది తేలేవరకు ఆ కేసును వసూలు ఏజెన్సీకి పంపవద్దని బ్యాంకులను ఆదేశించింది. పదేపదే కావాలని పసలేని ఫిర్యాదులు చేస్తున్నట్లు బ్యాంకు దగ్గర తగిన రుజువు ఉంటే తప్ప మినహాయింపు లేదు. 2022 ఆగస్టు 12న ఇచ్చిన మరో ఆదేశంలో ఉదయం 8 గంటలకు ముందు, రాత్రి 7 గంటల తర్వాత ఫోన్ చేయవద్దని, కుటుంబ సభ్యుల, స్నేహితుల జోలికి పోవద్దని, బెదిరింపులు, పేరు చెప్పని ఫోన్లు కూడదని స్పష్టం చేసింది. అయితే ఈ ఆదేశాలు బ్యాంకులకు, ఫైనాన్స్ కంపెనీలకు, రిజర్వ్ బ్యాంకు పరిధిలోని మరికొన్ని సంస్థలకు మాత్రమే. బ్రాడ్‌బ్యాండ్ సంస్థ ఆ పరిధిలోకి రాదు. లక్షల్లో అప్పు తీసుకుని కట్టనివారికి ఉన్న రక్షణ, 825 రూపాయల నెలసరి బిల్లు మీద అభ్యంతరం చెప్పినవారికి లేదన్నమాట. ఫోన్ చేసిన ఏజెంటుకు నేను రిజర్వ్ బ్యాంకు నియమం గుర్తుచేస్తే, "అది లోన్లకండీ, ఇది బిల్లు" అన్నాడు. ఆ ఒక్క విషయంలో అతను చెప్పింది నిజమే.

కోర్టు దారి లేదన్న అపోహ కూడా చాలామందిలో ఉంది. దానికి కారణం లేకపోలేదు. 2009లో సుప్రీంకోర్టు, 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టంలో మధ్యవర్తిత్వానికి ప్రత్యేక సెక్షన్ ఉన్నందున టెలిఫోన్ బిల్లు వివాదాలు వినియోగదారుల ఫోరానికి (ఇప్పటి కమిషన్‌కు) వెళ్లవని తీర్పు ఇచ్చింది. ఏళ్లపాటు ఆ తీర్పు చూపించి ఎందరినో వెనక్కి పంపారు. అహ్మదాబాద్‌కు చెందిన ఒక వినియోగదారుడు మాత్రం ఊరుకోలేదు. సగటున నెలకు 555 రూపాయల బిల్లు వచ్చే ఆయనకు 2013లో ఒక్క నెలకు 24,609 రూపాయల బిల్లు వేస్తే, 2014లో జిల్లా ఫోరానికి వెళ్లారు. ఆ వివాదం ఢిల్లీ దాకా నడిచి, 2022 ఫిబ్రవరి 16న వినియోగదారుల కమిషన్‌కు వెళ్లే హక్కుకు ఆ పాత సెక్షన్ అడ్డు కాదని సుప్రీంకోర్టు తేల్చింది. కొత్త 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం కూడా ఆ హక్కును కాపాడింది. మనం ఉంటున్న జిల్లాలోని కమిషన్‌లోనే కేసు వేయవచ్చు, కంపెనీ కార్యాలయం ఏ నగరంలో ఉన్నా సరే. కారణం ఏర్పడిన నాటి నుంచి రెండేళ్లలోపు వేయాలి. సేవకు మనం చెల్లించిన సొమ్ము ఐదు లక్షల లోపు అయితే రుసుము లేదు. అంతకు ముందు 1915 నంబరుకు ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో నమోదు చేసుకోవచ్చు. నెల్లూరులోనూ ఒంగోలులోనూ కమిషన్లు ఉన్నాయి. అయినా రెండు వేల రూపాయల కోసం ఎంతమంది పని మానుకుని తిరగగలరు? ఆ లెక్క ఏజెన్సీలకు బాగా తెలుసు.

అందుకే ట్రాయ్‌నూ, టెలికాం శాఖనూ నేను కోరేది ఒక్కటే: బ్యాంకులకు 2008 నుంచి ఉన్న నియమాన్ని ఇంటర్నెట్, టెలిఫోన్ సంస్థలకూ వర్తింపజేయండి. డాకెట్ నంబరు నడుస్తున్న, అప్పీలు తేలని ఏ బిల్లూ వసూలు ఏజెన్సీ జాబితాలోకి పోకూడదు. పోయినదాన్ని అప్పీలు అందిన రోజే వెనక్కి తెప్పించాలి. బకాయి రద్దయిన ఖాతా పేరు మరొక ఏజెన్సీకి వెళితే కంపెనీకి జరిమానా ఉండాలి. వసూలుకు ఫోన్ చేసేవారు తమ పేరు, ఏజెన్సీ పేరు చెప్పి, అడిగినప్పుడు కంపెనీ ఇచ్చిన అధికార పత్రం చూపాలి. సొమ్ము కంపెనీ ఖాతాకు తప్ప ఎవరి సొంత యూపీఐకీ పోకూడదు. ఖాతాదారు కాని ఇంటి యజమానులను, ఇరుగుపొరుగును ఈ వ్యవహారంలోకి లాగకూడదు. మన ఎంపీలు ఈ విషయాన్ని పార్లమెంటులో ఒక ప్రశ్నగా అడిగినా చాలు, కదలిక వస్తుంది. కనెక్షన్ రద్దు చేసుకునే పాఠకులకు నా అనుభవం నుంచి చెప్పగలిగింది చిన్నదే: పెట్టె పట్టుకుపోయే మనిషి చేత తెల్లకాగితం మీదనైనా తేదీ, పెట్టె వెనక ఉన్న నంబరు రాయించి సంతకం పెట్టించుకోండి, లేదా పెట్టె అతని చేతిలో ఉండగా ఒక ఫొటో తీసుకోండి.

నా విషయంలో ఇంకా తేలనిది ఆ 2,000 రూపాయలు. పెద్దావిడ మనవడి ఫోన్‌లోని లావాదేవీ నంబరు, తేదీ, సొమ్ము చేరిన యూపీఐ వివరం జత చేసి, ఆ వ్యక్తి మీ ఏజెన్సీ మనిషేనా, ఆ సొమ్ము మీ ఖాతాలో ఎక్కడ జమ అయిందని కంపెనీకి ఏప్రిల్‌లో ఒకసారి, సెప్టెంబరులో మరోసారి రాశాను. వారు పంపిన సున్నా ఉత్తరంలో ఆ జమ కనిపించదు. రెండు ఉత్తరాలకూ జవాబు రాలేదు. మూడో ఉత్తరం పంపాను; దానికీ నెల రోజుల్లో సమాధానం రాకపోతే, ఆవిడను సాక్షిగా చూపి నెల్లూరు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయడానికి కాగితాలు సిద్ధంగా ఉంచాను.

భవదీయుడు,
ఒక విశ్రాంత మిల్లు గుమాస్తా,
కావలి, నెల్లూరు జిల్లా.